మీ ఇంటికి ఎర్తు ఉందా?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి ఉద్యోగంలో ఉండగా కట్టుకున్న ఇళ్ళలోనే ఉంటున్నాం. లైట్లకు, ఫ్యాన్లకు వేయించిన ఆ వైరింగు మీదే ఇప్పుడు గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ నడుస్తున్నాయి. ఎర్తు లేకపోయినా ఇవన్నీ మామూలుగానే పనిచేస్తాయి కనుక లోపం మనకు కనపడదు.

పూర్వం కొన్ని ఇళ్ళలో ఎర్తు తీగను ఇనుప నీళ్ళ గొట్టానికి చుట్టేవారు. తుప్పు పట్టిందని ఆ గొట్టం తీసి ప్లాస్టిక్‌ది వేయిస్తే ఎర్తు కూడా పోయినట్టే. మరికొన్ని చోట్ల ప్లగ్గులో ఎర్తును న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఆ న్యూట్రల్ తెగితే గీజరు ఒళ్ళంతా కరెంటే.

"ఫ్యూజు ఉందిగా" అనుకోవద్దు. 5 ఆంపియర్ల ఫ్యూజు కాపాడేది తీగను. మనిషి ప్రాణానికి 100 మిల్లీ ఆంపియర్లే ముప్పు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. అంత లీకైతే రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి. అయితే బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు.

కుళాయి గాని, ఫ్రిజ్ తలుపు గాని జిల్లుమంటే "చిన్న షాకే" అని ఊరుకోకండి. వాడకం ఆపి, లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత ఎర్తు కొలిపించండి. వేసవిలో ఎర్తు గుంటలో నీళ్ళు పోయండి. మనుమలు సెలవులకు వచ్చేలోగా ఈ పని పూర్తి చేయమని మనవి.

సెలవు.