నెలలు నిండని కాన్పు: నేరం తల్లిదేనా?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ తల్లిని ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావమ్మా?" గ్రహణం చూసిందంటారు, బొప్పాయి తిన్నదంటారు. చదువుకున్నవాళ్ళు మాట మార్చి ఇదే అడుగుతారు. తండ్రిని ఈ ప్రశ్న అడగగా నేనెప్పుడూ వినలేదు. బిడ్డల్ని చంకనేసుకుని ఫిజియోథెరపీకి తిరిగే తల్లుల్లో చాలామంది ఆ నేరాన్ని నిజంగానే నెత్తిన వేసుకుని ఉన్నారు. వైద్యుల దగ్గరే ఉండిపోయిన సమాచారం కొంత మన చేతుల్లోకి వస్తే తప్ప ఆ బరువు దించలేం.

ఎదుగుతున్న మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలిక, కండరాల బిగువు, నిలకడ దెబ్బతినడమే సెరిబ్రల్ పాల్సీ. దీంతోపాటు తెలివితేటలు తక్కువగా ఉండి తీరాలనేమీ లేదు. 1861లో లండన్ వైద్యుడు విలియం లిటిల్ దీన్ని కష్టమైన కాన్పుతో, నెల తక్కువ పుట్టుకతో ముడిపెట్టాడు. 1897లో ఫ్రాయిడ్ (అప్పటికి ఆయన నరాల వైద్యుడే, స్త్రీల గురించి తర్వాత చెప్పినవాటితో మనకున్న పేచీ వేరు) కాన్పు కష్టం కావడం కారణం కాకపోవచ్చు, గర్భంలో అంతకుముందే జరిగినదానికి సూచన కావచ్చు అన్నాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో అమెరికాలో వేల కాన్పుల వివరాలు పరిశీలించాక, కాన్పులో ఊపిరాడకపోవడం వల్ల వచ్చేవి కొద్దిభాగమేనని తేలింది. మన దగ్గర ఆ భాగం ఎక్కువే. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే నొప్పుల సూది, ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పడంలో పోయే గంటలు అందుకు కారణాలు.

ఇక నెలలు నిండని కాన్పు, అంటే 37 వారాల లోపు. నెలలు నిండి పుట్టిన వెయ్యిమందిలో సెరిబ్రల్ పాల్సీ వచ్చేది ఒకరిద్దరికి. 28 వారాల లోపు పుట్టి బతికినవాళ్ళలో దాదాపు వందకు పదిమందికి. ఆ వయసులో మెదడులోని రక్తనాళాలు చాలా సున్నితం; సులభంగా చిట్లుతాయి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట ఇంకా వింటుంటాం. నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ లాభమే. 2020లో ప్రపంచంలో నెలలు నిండకుండా పుట్టిన 1 కోటి 34 లక్షల మందిలో సుమారు 30 లక్షలమంది మన దేశంలోనే పుట్టారు.

ముందే కాన్పు ఎందుకవుతుంది? రక్తహీనత, చికిత్స లేని ఇన్ఫెక్షన్లు, బీపీ, పదహారేళ్ళకే గర్భం, కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం, ఇంట్లో తినే దెబ్బలు. డబ్బున్నవాళ్ళలో ఐవీఎఫ్ కవలలు. కొన్నిసార్లు ఏ కారణమూ దొరకదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. ఇందులో ఆమె "చేసింది" ఏది? 2013 ఆహార భద్రతా చట్టం ప్రభుత్వ ఉద్యోగినులు వంటివారు మినహా ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు హక్కుగా ఇచ్చింది. 2017లో పథకం వచ్చేసరికి అది మొదటి కాన్పుకు 5,000గా మారింది. రెండో కాన్పుకు ఇవ్వడం మొదలుపెట్టినా, ఆడపిల్ల పుడితేనే అన్నారు. రెండోసారి కడుపుతో ఉన్నామె పత్తి చేలోకి వెళ్ళకుండా ఏ డబ్బుతో ఆగాలి?

మరోవైపు అవసరం లేని కోత. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. "బిడ్డ మెదడు దెబ్బతింటుంది, సంతకం పెట్టండి" అంటే ఏ తల్లి పెట్టదు? నిజంగా అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణం నిలుపుతుంది, దాన్ని కాదనడం లేదు. కానీ అనేక దేశాల్లో సిజేరియన్లు ఎన్నో రెట్లు పెరిగిన దశాబ్దాల్లో కూడా సెరిబ్రల్ పాల్సీ ఆ మేరకు తగ్గలేదు. పైగా ముహూర్తం చూసి 37వ వారంలోనే కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు పెరుగుతాయి. ఆ ముహూర్తం పెట్టేది సాధారణంగా అత్తింటివారు.

నిజంగా పనిచేసే మందు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మెగ్నీషియం సల్ఫేట్. గుర్రపువాతం వచ్చిన బాలింతలకు, గర్భిణులకు మన ప్రభుత్వాసుపత్రుల్లో వాడే చవక సూదే. 32 వారాల లోపు కాన్పు తప్పదనుకున్నప్పుడు తల్లికి దీన్నిస్తే బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ ముప్పు సుమారు మూడోవంతు తగ్గుతుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే డెక్సామెథసోన్ సూది మరొకటి. పెద్దాసుపత్రికి పంపేముందు దాని మొదటి మోతాదు ఏఎన్ఎం ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. మీ పీహెచ్‌సీలో ఆ సూది ఉందా, ఇవ్వడం ఏఎన్ఎంకు నేర్పారా? ఈ ప్రశ్న ఆమెను కాదు, పై అధికారులను అడగాలి. మందు సరఫరా, శిక్షణ ఆమె చేతిలో లేవు.

పుట్టాక కూడా కాపాడుకోగలిగేది ఉంది. పసిరికలు ముదిరితే మెదడుకు హాని. పొద్దుటి ఎండ చాలదు, నీలి లైటు కింద పెట్టాలి. బిడ్డకు మూడో నెల దాటినా మెడ నిలవకపోతే, పిడికిళ్ళు విప్పకపోతే "నెమ్మదిగా వస్తుందిలే" అన్న మాట వినకండి. జిల్లా ఆసుపత్రిలోని సత్వర గుర్తింపు కేంద్రానికి తీసుకెళ్ళండి.

చివరగా కాగితాల సంగతి. డిశ్చార్జి చీటీలో ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత, ఎప్పుడు ఏడ్చింది, పసిరికల పరీక్షలో ఎంత వచ్చింది అన్నీ రాయించండి. చాలా చీటీల్లో బరువు తప్ప ఏమీ ఉండదు. వైద్యంలో నిర్లక్ష్యం మీద ఫిర్యాదు చేయాలన్నా, తర్వాత బిడ్డను చూసే డాక్టరుకు జరిగింది తెలియాలన్నా ఆ చీటీయే ఆధారం. దాని నకలు ఒకటి సంఘం ఆఫీసులో దాచండి.