పొగ చెప్పు మాట

వేదము వల్లించువారికి డీజిలు ఇంజనుతో పనియేమని మీరనుకొనవచ్చును. తొలకరి ముంగిట, కోనేటి పూడిక తీయుచున్న పాత బుల్డోజరు మొరాయించినది. ఇంజను మొత్తము విప్పవలెనని ఒకరనగా, మేము పొగ వచ్చుచున్నదా అని అడిగితిమి.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహములో చూపిన ఉదాహరణము ప్రసిద్ధమే. కొండపై పొగను చూచి నిప్పును ఊహింతుము. ఇంజనులో నిప్పు ఉన్నదని అందరెరుగుదురు. అది ఏ స్థితిలోనున్నదో పొగ రంగు చెప్పును. నల్లనిపొగయైనచో గాలి చాలలేదు, లేదా ఇంధనమెక్కువైనది. ముందుగా ఎయిర్ ఫిల్టరు చూడవలెను. నీలిపొగయైనచో ఇంజను ఆయిలు మండుచున్నది. పిస్టను రింగులు అరిగియుండవచ్చును. తెల్లనిదానియందే హేత్వాభాసమునకు చోటు. కాలని డీజిలు పొగ కన్నులను మండించును, ఆవిరి మండింపదు. ఇంజను చల్లారిన పిదపనే రేడియేటరు మూత తీసి చూడుడు; నీరు తగ్గుచున్నచో హెడ్ గ్యాస్కెట్టును శంకింపవలెను.

స్టార్టరు తిరుగుచున్నను పొగయే రానిచో, సిలిండరునకు డీజిలు చేరుట లేదు. గొట్టములో గాలి చేరుటయే తరచుగా కారణము. ఫిల్టరుపైనున్న మరను వదులుచేసి, బుడగలు ఆగి డీజిలు ధారకట్టువరకు చేతిపంపు కొట్టి, మరల బిగింపవలెను. కోనేటి యంత్రమునకు జరిగిన చికిత్స ఇంతే. గాలికి దారియిచ్చిన అరిగిన వాషరును కూడ మార్పించితిమి.

ఒక్కమాట గట్టిగా చెప్పుచున్నాము. ఇంజెక్టరు తుంపరకు చేయి అడ్డుపెట్టకుడు. అది చర్మమును చీల్చి లోనికి పోవును. పైకి సూదిగుచ్చినంత గుర్తే కనబడును. నొప్పిలేదని ఇంటికి పోరాదు. డీజిలు లోనికి పోయినదని చెప్పి వెంటనే ఆసుపత్రిలో చేరవలెను. ఆలస్యమైనచో వ్రేలు తీసివేయవలసి రావచ్చును.