అలవాటు పడటమే అంగీకారమా?

(సనత్‌నగర్‌లో నర్సింగ్ విద్యార్థినులు, మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు కంప్యూటర్ పరీక్షలను ఎంతవరకు అంగీకరిస్తున్నారన్నది ఈనాటి మన చర్చాంశం. దానికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అంగీకరించకపోతే వాళ్ళకు వేరే దారి ఉందా?

తెలంగాణ వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు 2023 ఆగస్టు 2న కంప్యూటర్ మీదే పరీక్ష పెట్టింది. 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు 2024 నవంబరు 23న జరిగిన పరీక్ష కూడా అంతే. ఎయిమ్స్ ఆస్పత్రుల కోసం పెట్టే నార్సెట్ పరీక్ష 2020లో మొదలైనప్పటి నుంచీ కంప్యూటర్ మీదే. అమెరికా వెళ్ళాలంటే రాసే ఎన్‌క్లెక్స్ 1994లోనే కంప్యూటర్‌కు మారింది. బ్రిటన్ కూడా 2014 నుంచి విదేశీ నర్సులకు ఇదే పద్ధతి పెట్టింది. అంటే సర్కారు దవాఖానాలో ఉద్యోగానికైనా, విదేశీ ఆస్పత్రిలో ఉద్యోగానికైనా గుమ్మం దగ్గర కంప్యూటరే కూర్చుని ఉంది. తప్పనిసరి అయినదాన్ని ‘మీకు ఇష్టమేనా?’ అని అడగడంలో అర్థం లేదు. ఏ షరతుల మీద అది న్యాయమవుతుందో అడగాలి.

ఈ పద్ధతిలో మేలు లేదని అనడం లేదు. ఓఎమ్మార్ కాగితం మీద ఒక గడి తప్పు దిద్దితే ఇక అంతే. ఇక్కడ చాలా పరీక్షల్లో జవాబు మార్చుకోవచ్చు, మిగిలిన సమయం ఎదురుగా కనిపిస్తుంది, ఫలితం తొందరగా వస్తుంది. ఇవన్నీ అమ్మాయిలకు పనికొచ్చేవే. కానీ ఈ మేలు అందరికీ సమానంగా అందుతోందా?

మనం కూర్చున్న చోటునే చూడండి. పక్కనున్న అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఎన్నో ఏళ్ళుగా కంప్యూటర్ కోర్సులు నేర్పుతున్నారు. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు అక్కడికొచ్చి హాస్టళ్ళలో ఉండి నేర్చుకుంటున్నారు. అటు పంజగుట్టలో నిమ్స్, ఇటు సనత్‌నగర్‌లో ఈఎస్ఐ వంటి పెద్ద ఆస్పత్రులున్నాయి. పొద్దున వార్డు డ్యూటీ, మధ్యాహ్నం క్లాసు, రాత్రి రికార్డు రాసుకోవడం - ఇదీ నర్సింగ్ విద్యార్థిని దినచర్య. ఆమెకు ఆ సందుల్లోకి వెళ్ళే తీరిక ఎక్కడిది? ఫీజు ఎవరు కడతారు? చీకటి పడ్డాక హాస్టల్ గేటు ఎవరు తీస్తారు? ఇంట్లో ఒక్క కంప్యూటర్ కొనే స్తోమతుంటే అది ముందు ఎవరి చేతికి వెళుతుందో మనకు తెలియనిది కాదు. కొడుకు చదువు ‘పెట్టుబడి’, కూతురి చదువు ‘ఖర్చు’ అనుకునే ఇళ్ళ నుంచే చాలామంది ఈ వృత్తిలోకి వస్తున్నారు.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఇన్ఫర్మాటిక్స్ అనే పాఠ్యాంశం చేర్చింది. మంచిదే. మరి కాలేజీలో కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉంది? తనిఖీ రోజున తప్ప తీయని గదులు ఉంటే, ఆ పాఠ్యాంశం కాగితానికే పరిమితం. సంవత్సరాల తరబడి పెన్నుతో పెద్ద ప్రశ్నలకు జవాబులు రాసిన అమ్మాయి, ఉద్యోగం తేలే రోజున 80 నిమిషాల్లో 80 ప్రశ్నలకు మౌస్‌తో జవాబు గుర్తించాలి. చేయి తడబడి పోయిన నిమిషం ఆమె విషయజ్ఞానానికి సంబంధించింది కాదు. అయినా మార్కు పోతుంది.

మరో విషయం. నర్సింగ్‌లో చేరిన రోజు నుంచీ ఆ అమ్మాయికి నేర్పేది విధేయత. ‘సిస్టర్’ అని పిలుస్తూనే, ఎదురు మాట్లాడకూడదని చెబుతారు. అలాంటి అమ్మాయి ముందు, ఇంటర్నల్ మార్కులు వేసే టీచరే ఒక కాగితం పెట్టి ‘కంప్యూటర్ పరీక్ష మీకు ఇష్టమేనా?’ అని అడిగితే ఏం రాస్తుంది? ‘ఇష్టమే’ అనే రాస్తుంది. ఆ జవాబులో అంగీకారమెంత, భయమెంత అన్నది మనం విడదీసి చూడాలి. పేరు రాయనవసరం లేకుండా, బయటివాళ్ళు అడిగితేనే అసలు మాట వినిపిస్తుంది.

కంప్యూటర్ ఉంటే అక్రమాలు జరగవనే మాట కూడా వినిపిస్తుంటుంది. 2023 మార్చిలో బయటపడ్డ టీఎస్‌పీఎస్‌సీ ప్రశ్నపత్రాల లీకేజీలో ప్రశ్నలు పోయింది కమిషన్ ఆఫీసు కంప్యూటర్ల నుంచే. దాని మూలంగా గ్రూప్-1 ప్రిలిమ్స్‌తో సహా పలు పరీక్షలు రద్దయ్యాయి. యంత్రం దానంతటదే న్యాయం చెయ్యదు. నడిపేవాళ్ళు జవాబుదారీగా ఉండాలి.

తనిఖీ సంగతీ అంతే. 2022 జులైలో కేరళలోని కొల్లం జిల్లాలో నీట్ రాయడానికి వెళ్ళిన అమ్మాయిల చేత లోదుస్తులు విప్పించారన్న ఫిర్యాదులు మనకు గుర్తున్నాయి. కాపీ కొట్టకుండా చూడటం వేరు, ఆడపిల్లను అవమానించడం వేరు.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ప్రతి నర్సింగ్ కాలేజీలో కంప్యూటర్ గది డ్యూటీ వేళలకు అనువుగా తెరిచి ఉండాలి. అసలు పరీక్షకు ముందు ఉచితంగా నమూనా పరీక్ష రాసే వీలు కల్పించాలి. కేంద్రాలు అమ్మాయిలు పగలే వెళ్ళి పగలే తిరిగి రాగలిగినంత దగ్గరలో ఉండాలి. తాను గుర్తించిన జవాబులను, ‘కీ’ని చూసుకుని అభ్యంతరం చెప్పే హక్కు, డబ్బు భారం లేకుండా ఉండాలి. వేర్వేరు విడతల్లో పరీక్ష పెట్టి మార్కులు సర్దుబాటు చేస్తే, ఆ లెక్క ఏమిటో తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా ముందే ప్రకటించాలి. గర్భిణులకు, బాలింతలకు, వికలాంగులకు తగిన సదుపాయం ఉండాలి. తనిఖీ మహిళా సిబ్బందే, చాటున, మర్యాదగా చెయ్యాలి.

ఇవి దయతో ఇచ్చే రాయితీలు కావు. ఉద్యోగావకాశాల్లో సమానత్వం రాజ్యాంగం 16వ అధికరణం ఇచ్చిన హక్కు.

ఇక్కడున్న కార్యకర్తలు తమ ప్రాంతంలో ఒక్కొక్క నర్సింగ్ కాలేజీకి వెళ్ళి మూడు విషయాలు కనుక్కోవాలని కోరుతున్నాను: ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, ఆ గది ఎన్ని గంటలు తెరిచి ఉంటోంది, విద్యార్థినులు చివరిసారి వాటి ముందు ఎప్పుడు కూర్చున్నారు. ఆ వివరాలు చేతిలో ఉంటే నర్సింగ్ కౌన్సిల్‌ను, విశ్వవిద్యాలయాన్ని, నియామక బోర్డును గట్టిగా అడగగలం. అప్పుడు ‘అంగీకరిస్తున్నారా?’ అన్న ప్రశ్నకు మన అమ్మాయిలు భయం లేకుండా జవాబు చెప్పగలుగుతారు.