ఆమె మతం ఏదో ఆమెనే అడుగుదాం

(సంగంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మత సామరస్యం గురించి మాట్లాడమన్నారు. ఈ ప్రాంతంలో నిలబడి ఆ మాట చెప్పడం తేలిక. ఆత్మకూరు పక్కనే అనుమసముద్రంపేట దర్గా ఉంది. అక్కడ చదివింపులు చేసేవాళ్ళలో ముస్లిములెందరో హిందువులూ అందరే కనిపిస్తారు. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినామె రొట్టె ఇస్తుంది, కోరిక ఉన్నామె పుచ్చుకుంటుంది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఎవరూ ఎవరి కులమూ మతమూ అడగరు. 2015లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా కూడా ప్రకటించింది.

ఇదంతా నిజమే. దీన్ని చూసి గర్వపడాల్సిందే. కానీ చెరువులో రొట్టె పుచ్చుకునే స్వేచ్ఛ ఉన్న స్త్రీకి, ఇంట్లో తన నమ్మకాన్ని తాను ఎంచుకునే స్వేచ్ఛ ఉందా? రెండు మతాలు పక్కపక్కన బతకడం ఒక విషయం. ఒక మనిషి, అందులోనూ ఒక ఆడమనిషి, తన నమ్మకమేదో తాను చెప్పుకోగలగడం మరో విషయం. మొదటిదాని గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. రెండోదాని గురించి నాకు మొదట పాఠం చెప్పింది పుస్తకాలు కాదు.

కొన్నేళ్ళ కిందట ఉదయగిరి వైపు ఒక ఊళ్ళో సర్వే చేస్తున్నాను. ఇంటికొక కాగితం. అందులో మతం అన్నచోట ఒకటే గడి. ఆ గడి గీసింది నేనే. ఒక ఇంట్లో భర్త అరుగుమీద కూచుని ‘హిందువులమే, రాసుకోండి’ అన్నాడు, రాసుకున్నాను. ఆయన చేనికి పోయాక, అంట్లు తోముతున్న భార్య చేతులు కడుక్కుని వచ్చి, “మేడమ్మా, మీరు రాసుకుంది ఆయన సంగతి. నన్నెవురూ అడగలా” అంది.

పుట్టింటి ఊళ్ళో ప్రార్థనకు పోవడం ఆమెకు పదేళ్ళ అలవాటు. బైబిలు బియ్యం డబ్బాలో దాచిపెట్టుకుంటుంది. బొట్టు తీసేస్తే మొగుడు కొడతాడు. బొట్టుతో పోతే పాస్టరుగారు తప్పుపడతాడు. “నొసలు నాది, తగువు వాళ్ళది” అంది. నేను సిగ్గుపడి, కొట్టేసి క్రైస్తవం అని రాయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. “రాయబాకండి. రాస్తే బిడ్డల సర్టిఫికెట్టు పోద్ది.”

ఆ భయం ఆమె ఊహించుకున్నది కాదు. షెడ్యూల్డు కులాలపై 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువులు కానివాళ్ళు ఎస్సీలు కారంది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో మతం మారిన దళిత క్రైస్తవులకు ఉన్నది బీసీ-సీలో ఒక్క శాతం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవంలోకి మారినవాళ్ళు అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరని చెప్పింది. మతం మారగానే ఊళ్ళో కులం మాసిపోతుందా? వేరే గ్లాసు పోయి మామూలు గ్లాసు వస్తుందా? రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. కానీ ఆ స్వేచ్ఛకు పేదరాలు తన పిల్లల చదువుతో వెల కట్టాల్సి వస్తోంది.

ఇక పెళ్ళి సంగతి. మరో మతస్థుణ్ణి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్న ఒక పార్సీ స్త్రీ, భర్త మతంలో కలిసిపోయినట్టేనని 2012లో గుజరాత్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, పెళ్ళితో స్త్రీ మతం దానంతటదే మారిపోదన్న అభిప్రాయం వెలిబుచ్చాకే ఆమె తన తల్లిదండ్రుల అంత్యక్రియల ప్రార్థనలో పాల్గొనే వీలు కలిగింది. కేరళ యువతి హాదియా, మతమూ భర్తా తన ఎంపికేనని చెబుతున్నా నెలల తరబడి తండ్రి కాపలాలో ఉండాల్సి వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు ఆమె మాటే చెల్లుతుందంది. వయసొచ్చిన స్త్రీ తన మనసు తానెరుగునని చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి వచ్చిందంటే, పితృస్వామ్యం వేళ్ళు ఎంత లోతుకు దిగాయో ఆలోచించండి.

మనం మాత్రం వేరుగా ఉన్నామా? సారా ఉద్యమం ఈ నేలమీదే పుట్టింది. అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు ఎవరి దేవుడు ఎవరని అడగలేదు. ఆ ఊపులోంచే రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం వచ్చింది. దానికి ‘పొదుపులక్ష్మి’ అని పేరు పెట్టారు. ఆ రూపాయి మస్తానమ్మ అన్న పేరుగలామె, మరియమ్మ అన్న పేరుగలామె కూడా దాచారు. పేరు మార్చమని నేను అనడంలేదు. దీపం వెలిగించి ఒకే ప్రార్థనతో మీటింగు మొదలుపెట్టేటప్పుడు, వెనక వరసలో పెదవి కదపకుండా నిలబడ్డవాళ్ళను మనం గమనించామా అని అడుగుతున్నాను. ఇంకో తప్పు కూడా మనలో ఉంది. చదువుకున్న స్త్రీవాదులం, నమ్మకమంటేనే అజ్ఞానమనుకుని, స్త్రీ చెప్పేది సగంలో ఆపేస్తాం. అదీ ఆమె బదులు మనం మాట్లాడటమే.

నమ్మకాన్ని గౌరవించడమంటే అన్నిటికీ తలూపడం కాదు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో, దర్గా చుట్టూ నడిచే ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. మొక్కుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది, మరో మనిషిని కట్టేసే హక్కు ఎవరికీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ‘ఈ నమ్మకం సరైనదా’ అని కాక, ‘ఇందులో బలవంతం ఉందా’ అని చూడటమే మన పని.

ఆ గీత ఇటువైపూ అటువైపూ ఒకేలా వర్తించాలి. భర్త క్రైస్తవంలోకి మారినా తులసికోట వదలనన్న స్త్రీ ఉంటుంది. బురఖా వేసుకుంటానన్న స్త్రీ, వేసుకోనన్న స్త్రీ ఉంటారు. ఏ దేవుడూ వద్దన్న స్త్రీ ఉంటుంది. వీళ్ళలో ఎవర్ని ఆ కారణంగా కొట్టినా, ఇంట్లోంచి గెంటినా అది కుటుంబ వివాదం కాదు, గృహహింస. 2005 చట్టం కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకిచ్చింది. ఆమె నిర్ణయం మనకు నచ్చిందా లేదా అన్నది ఆ తర్వాతి మాట, అసలు అనవసరమైన మాట.

చివరగా ఒక చిన్న పని. ఏ సంస్థ సర్వే అయినా సరే, మతం గడి మనిషికొకటి పెట్టండి. ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. చెప్పకపోతే ఖాళీగా వదలండి. రాయొద్దంటే రాయకండి.

ఆ రోజు నేను అదే చేశాను. భర్త చెప్పింది ఆయన పేరు పక్కన రాసి, ఆమె పేరు పక్కన ఖాళీ వదిలాను. కాగితం చూపించమని, ఆ ఖాళీమీద వేలు పెట్టి, “ఇది నాదా?” అని అడిగింది. అవునన్నాను. “ఉండనీయండి” అని మళ్ళీ అంట్ల దగ్గరికి పోయింది. ఆ ఖాళీని భయం లేకుండా తనే నింపుకోగల రోజు కోసం మనం పనిచెయ్యాలి.