నక్షలో మన వాడ ఏది?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకిచ్చిన అంశం పేరు వినగానే కొందరు నవ్విన్రు. 'జీఐఎస్' అట, భౌగోళిక సమాచార వ్యవస్థ అట. "అది మాకు నీళ్లిస్తదా సారూ?" అని వెనక కూసున్న అక్క ఒకామె అడిగింది. అక్కా, నీళ్ల సంగతితోనే మొదలుపెడ్తం.

పోయినేడు మా వాడకు మంచినీళ్ల పైపు కావాలని దరఖాస్తు పట్టుకొని ఒక ఆఫీసుకు పోయినం. అక్కడి అధికారి కంప్యూటర్ తెర మాదిక్కు తిప్పి చూపిండు. మా ఊరి పేరు మీద ఒక చుక్క ఉన్నది. చుక్క మీద నొక్కితే ఒక పట్టిక వచ్చింది. ట్యాంకు ఉన్నది. నల్లా ఉన్నది. బడి ఉన్నది. "అన్నీ ఉన్నయి గద సారూ, ఇంకేం గావాలె?" అన్నడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఊళ్లె అన్నీ ఉన్నయి. కాని ఆ పైపు ఊరి చివర చింతచెట్టు దాకా వచ్చి ఆగింది. చింతచెట్టుకు ఇవతల మన వాడ. ఆ చుక్కలో చింతచెట్టు లేదు, ఇవతల ఉన్న మనమూ లేము. ఊరు వేరు, వాడ వేరని తరతరాలుగా మనల్ని వెలిపెట్టినోళ్లే, లెక్క రాసేటప్పుడు మాత్రం ఊరూ వాడా ఒక్కటే అంటున్నరు. ఈ మోసం అర్థం కావాలంటే ఈ నక్షల విద్య కొంత తెలియాలి.

విద్య కష్టమైనదేమీ కాదు. బడిలో పిల్లలు ట్రేసింగ్ కాగితం పెట్టి బొమ్మ గీస్తరు గదా. ఒక కాగితం మీద ఊళ్లోని ఇళ్లన్నీ గీయండి. ఇంకో కాగితం మీద పైపులు గీయండి. మూడోదాని మీద బోర్లు, బావులు. నాలుగోదాని మీద ఏ ఇంట్లో ఎవరుంటున్నారో గుర్తు పెట్టండి. నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకోండి. పైపు ఎవరి ఇంటి ముందు ఆగిందో కండ్లకు కనపడ్తది. ప్రతి వస్తువుకూ అక్షాంశం, రేఖాంశం కట్టి, ఇదే పనిని లక్షల ఇళ్లకు కంప్యూటర్ చేస్తే దాన్నే జీఐఎస్ అంటారు. కంప్యూటర్ పుట్టకముందే ఈ పని చేసినోళ్లు ఉన్నారు. 1854లో లండన్‌లో కలరా వచ్చి వందలమంది చనిపోతే, జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎందరు పోయారో నక్ష మీద గుర్తులు పెట్టాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ కమ్ముకున్నాయి. ఆ పంపు పిడి ఊడబీకించారు.

ఇక మన బతుకుకు దగ్గరి కథ ఒకటి చెప్తాం, జాగ్రత్తగా వినండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ అనే పట్టణం ఉన్నది. దాని పొలిమేరలో కోల్ రన్ అనే బస్తీ. అందులో ఎక్కువమంది నల్లజాతి వాళ్లు. బొగ్గు గనుల వల్ల అక్కడి భూమిలోని నీళ్లు తాగరాకుండా పోయాయి. వాళ్లు వాననీళ్లు తొట్లల్లో పట్టుకున్నారు, పట్టణం నుంచి బండ్ల మీద నీళ్లు మోసుకున్నారు. ఒక ఏడాది, రెండేండ్లు కాదు, సుమారు 50 ఏండ్లు. పక్కనే ఉన్న తెల్లవాళ్ల ఇళ్లకు మాత్రం పట్టణం నీళ్లు పోయినయి. అడిగితే అధికారులు ఏమన్నారు? ఇందులో రంగు ప్రసక్తే లేదన్నారు. మన దగ్గర కులం ప్రసక్తే లేదంటారు గదా, అచ్చం అట్లనే.

2003లో అక్కడి జనం కోర్టుకెక్కారు. నార్త్ కరోలినాలోని సీడర్ గ్రోవ్ ఇన్‌స్టిట్యూట్ అనే చిన్న సంస్థ వాళ్ల తరఫున నక్షలు తయారుచేసింది. కొత్త సమాచారం ఏమీ పుట్టించలేదు. పైపు లైన్లు ఎక్కడున్నాయో, ఏ ఇంటికి నీళ్ల బిల్లు పోతున్నదో, ఆ ఇంట్లో ఎవరుంటున్నారో, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పరిచింది. విడివిడిగా ఉన్నన్నాళ్లు అవి ఉత్త కాగితాలు. ఒక్కచోట చేరినంక అవే సాక్ష్యాలు. 2008 జులైలో జ్యూరీ తీర్పు చెప్పింది. 67 మందికి సుమారు కోటీ 9 లక్షల డాలర్ల నష్టపరిహారం ఇవ్వాలన్నది. నీళ్లు ఎప్పుడొచ్చినయో తెలుసా? దావా వేసినంక, తీర్పుకు ముందే, 2004లో. 50 ఏండ్లు కుదరని పైపు, కేసు పడగానే కుదిరింది!

నక్ష ఒక్కటే గెలిపించిందని మేము చెప్పడం లేదు. జనం ఫిర్యాదు చేశారు, కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పారు, లాయర్లు వాదించారు. కాని "మాకు నీళ్లు లేవు" అని మనిషి చెప్తే అది వాని బాధ కింద కొట్టేస్తారు. నక్ష మీద గీత ఎక్కడ ఆగిందో కొట్టెయ్యడం అంత సులువు కాదు.

మన దేశం సంగతి చూద్దాం. అంజలి అదూకియా, సామ్ ఆషర్, పాల్ నొవోసాద్ మొదలైన పరిశోధకులు దేశంలోని 15 లక్షల చిన్నచిన్న బస్తీల సమాచారం పోగుచేసి 2023లో ఒక పత్రం విడుదల చేశారు. దళితులను, ముస్లింలను వేరుగా ఉంచడం మన దేశంలో ఏ స్థాయిలో ఉన్నదంటే, అమెరికాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు విడిగా ఉండేదానికి కొద్దిగానే తక్కువ అని తేల్చారు. పట్టణాల్లో దళిత, ముస్లిం బస్తీలకు ప్రభుత్వ సౌకర్యాలు తక్కువ అందుతున్నాయి. ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటున్నది. ఈ తేడా ఒక పట్టణానికీ మరో పట్టణానికీ మధ్య కాదు, దాదాపు అంతా ఒకే పట్టణంలో ఒక బస్తీకీ ఇంకో బస్తీకీ మధ్యనే ఉన్నది. జిల్లా లెక్కలు, పట్టణం లెక్కలు తీస్తే అది కనపడదు. మా ఊరి చుక్క సంగతి గూడా గదే.

ఈ పాపంలో మా చెయ్యి కూడా ఉన్నది. 2010లో ఇళ్ల లెక్కకు పోయింది మేమే, టీచర్లమే. మాకిచ్చిన బ్లాకుకు చేత్తో నక్ష గీసినం. గుడి, బడి, బాట, వాడలోని ప్రతి ఇల్లూ గుర్తు పెట్టి నంబరేసినం. ఏ ఇంట్లకు నీళ్లు ఎక్కడినుంచి వస్తయో రాసినం. ఎండకు తిరిగి రాసినం. తీరా అచ్చయి వచ్చిన లెక్కలో ఏమున్నది? ఊరంతటికీ కలిపి ఒక్క వరుస. అంటే వాడ లెక్క లేక కాదు. రాసిన లెక్కను ఊళ్లె కలిపేసిన్రు. 2027 జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. మంచిదే. కాని ఏ కులపోళ్లు ఎందరని రాష్ట్రం మొత్తం లెక్క చెప్పి చేతులు దులుపుకుంటే మనకు ఒరిగేది తక్కువ. మనుషుల పేర్లు వద్దు, వాడల వారీగా సౌకర్యాల లెక్క బయటపెట్టమని ఇప్పటినుంచే అడగాలె.

అడుక్కుంట కూసునుడేనా? మా పిల్లలు, మేము కలిసి ఒక ఆదివారం పని మొదలుపెట్టినం. పాత గ్రామ నక్ష నకలు తెచ్చినం. అందులో పొలాలన్నిటికీ సర్వే నంబర్లున్నయి, బావి బొమ్మ ఉన్నది, మన ఇళ్ల జాగ మాత్రం గ్రామకంఠం పక్కన ఉత్త ఖాళీ. ఇస్రో వాళ్లు 2009లో పెట్టిన 'భువన్'లో ఉపగ్రహం తీసిన మా ఊరు చూసినం. కప్పులు కనపడ్తయి, కులం కనపడదు. అది మనమే నింపాలె. ఫోన్లు పట్టుకొని ప్రతి నల్లా దగ్గర, ప్రతి బోరు దగ్గర నిలబడి గుర్తులు పెట్టినం. క్యూజీఐఎస్ అని పైసలు లేకుండ దొరికే సాఫ్ట్‌వేర్ ఉన్నది, డిగ్రీ చదివే పిల్లగాండ్లు దాంట్ల అన్నీ ఎక్కించిన్రు. పాత బావి ఎక్కడ పూడ్చిన్రో మాకెవ్వరికి తెల్వదు. ఒక అవ్వ వచ్చి కట్టెతో చూపింది. ఏ బావిని ఏ యేడు మనకు బందుపెట్టిన్రో కూడా చెప్పింది. అది ఏ ఉపగ్రహానికీ తెలిసే సంగతి కాదు, దాన్ని కూడా ఒక పొరగా ఎక్కించినం.

రెండు జాగ్రత్తలు. ఫోన్ చూపే జాగ కొన్ని మీటర్లు అటూ ఇటూ తప్పుతది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. బోరు గుర్తుకు సరిపోతది గాని, భూమి హద్దులకు పనికిరాదు. అసైన్డ్ భూముల తగాదాల్లో ఫోన్ చూపించి మాట్లాడితే మన కేసే పాడైతది, అక్కడ సర్వేయరుతోనే కొలిపించాలె. రెండోది, ఇంటి యజమాని పేరు, కులం రాసిన నక్షను ఎవ్వరికీ ఇయ్యొద్దు. రేపు ఊళ్లె గొడవైతే ఆ కాగితం ఎవరి చేతికి పోతదో మనం చెప్పలేం. ఆఫీసుకు ఇచ్చే నక్షలో వాడ హద్దు, పైపు, బోరు చాలు.

ఆ నక్షతో మళ్లీ అదే అధికారి దగ్గరికి పోయినం. ఈసారి ఆయన తెర తిప్పలేదు. కాగితం చానాసేపు చూసి, చింతచెట్టు దగ్గర వేలు పెట్టి, "ఇక్కన్నించి ఎంత దూరం?" అని అడిగిండు. తర్వాత వారం ఇద్దరొచ్చి టేపుతో కొలుచుకొని పోయిన్రు. పైపు ఇంకా రాలేదు. వచ్చే దాకా నెలకోసారి పోతనే ఉంటం.

వచ్చే ఆదివారం పక్క ఊరి వాడలో ఇదే పని ఉన్నది. ఫోన్లు చార్జింగ్ పెట్టుకొని రండి, దొరికితే మీ ఊరి పాత నక్ష నకలు తెండి. మీ వాడల పెద్దమనుషుల్ని, ముఖ్యంగా నీళ్లు మోసే ఆడవాళ్లను ఎంబడి తీసుకొని రండి.