సొంతింటి రొట్టె

(నెల్లూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొహర్రం మాసంలో మన బారాషహీద్ దర్గా వద్ద, స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవారు ఇస్తారు, కోరుకునేవారు అందుకుంటారు. వాటిలో సొంతింటి రొట్టె ఒకటి. ఇచ్చే చేయి ఏ మతానిదని అక్కడ ఎవరూ అడగరు. అదే ఊరిలో, చెట్ల నీడన ప్రశాంతంగా ఉండే కాలనీకి వెళ్లి అద్దె ఇల్లు అడిగితే మాత్రం పేరు దగ్గరే మాట ఆగిపోతోంది.

ఈ మధ్య మా కుటుంబమే తిరిగింది. వెడల్పాటి వీధులు, కానుగ చెట్లు, పిల్లలు సైకిలు తొక్కుకునే చోటు. ఫోనులో అద్దె, అడ్వాన్సు కుదిరాయి. "ఇంతకూ మీ పేరు చెప్పలేదు" అన్నారు ఇంటివారు. చెప్పాము. "మా అబ్బాయిని అడిగి చెబుతామండీ" అన్నారు. ఆ అబ్బాయి ఇంతవరకు ఏమీ చెప్పలేదు; నెల దాటినా టు-లెట్ బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంది. మరొకచోట మాంసం సంగతి ఎత్తారు, పక్క వాటాలో చేపల పులుసు ఘుమఘుమలాడుతుండగానే!

ముస్లింలు కోరుకున్న చోట ఇల్లు కొనడానికి, అద్దెకు తీసుకోవడానికి ఇబ్బంది పడుతున్నారని 2006లోనే సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది. కాని అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి ఉద్దేశించినది. 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు ఉన్నాయి. అద్దె ఇల్లు లేదు. అంటే చెరువులో దిగే హక్కు పేరు పెట్టి రాసి ఉంది, గట్టెక్కాక తలదాచుకునే హక్కు లేదు. పార్సీలకే సభ్యత్వమన్న ఒక గృహనిర్మాణ సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. వివక్షను నిరోధించే చట్టం కావాలని 2014లో కుందూ కమిటీ సూచించింది. ఆ చట్టం రాలేదు.

ఎలాగో ఇల్లు దొరికిన మనవారు కొందరు గేటు మీద "యస్.కె." అన్న రెండక్షరాలతో సరిపెట్టుకుంటున్నారు. పండుగకు కోటమిట్టలోని బంధువుల ఇంటికి వెళ్లి చీకటి పడ్డాక తిరిగి వస్తారు. వారిని తప్పుపట్టలేము. అయితే ఆ ఇంటి బిడ్డ బడి నేస్తాలను ఇంటికి పిలవడానికి జంకితే, ఆ ప్రశాంతత ఎవరిది? "మన వీధిలోనే ఉంటే పోలేదా, అజాన్ వినిపిస్తుంది, తోడుంటుంది" అని మన పెద్దలే అంటారు. నిజమే. ఇష్టపడి ఉండడం వేరు, దిక్కులేక ఉండడం వేరు.

మేము కోరేది ఒకటే. ఇల్లు కాదన్నప్పుడు ఆ తేదీ, వారన్న మాట కాగితం మీద రాసి మాకివ్వండి. యజమాని పేరు అక్కరలేదు. అవన్నీ జతచేసి రాష్ట్ర మైనారిటీ కమిషన్‌కు, శాసనసభ్యులకు వినతిపత్రం ఇద్దాము. ఇల్లిచ్చిన వారి సంగతి కూడా రాయండి. మాకు చివరికి ఇల్లిచ్చింది ఒక రిటైరైన పంతులమ్మగారు. పేరు విన్నాక ఆమె చెప్పింది ఒకటే మాట: మోటారు కరెంటు బిల్లు వేరుగా కట్టాలట.