పురుషాంగ వక్రత: దాచుకొనవలసిన వ్యాధి కాదు
(సంఘ సభ్యుల సమావేశమున ఒక వర్తక సోదరుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. సైకిలు విడిభాగముల వర్తకుడను. చదివినది మెట్రిక్యులేషను వరకే. అయినను ఈ విషయమును సభలో ఎత్తుటకు కారణము గలదు. కాపురములలో తగవులు వచ్చినపుడు మధ్యవర్తులుగా కూర్చుండువారిలో నేనును ఒకడను. అక్కడ ‘అబ్బాయి సంసారమునకు పనికిరాడు’ అను మాట ఎంత సులభముగా వచ్చునో, ‘ఏ వైద్యునికి చూపించితిరి?’ అను ప్రశ్న అంత అరుదుగా వచ్చును. పనికిరాడనబడినవారిలో కొందరికి ఉన్నది నపుంసకత్వము కాదు. అంగము వంగుట మాత్రమే. ఈ రెండింటిని ఒకటిగా తలచుటచేత కాపురములు చెడుచున్నవి.

మొదట ఒక మాట. ఎవరి అంగమును గీటుకర్రతో గీచినట్లు ఉండదు. స్తంభనసమయమున కొంచెము ప్రక్కకో, పైకో, క్రిందికో ఒరగుట సహజము. నొప్పి లేక, దాంపత్యమునకు అడ్డు లేక ఉన్నచో దానికి చికిత్స యక్కరలేదు. పడుచువారు దీనిని గూర్చి ఊరక బెంగపెట్టుకొనుచున్నారు.

కొందరికి ఈ వంపు పుట్టుకతోనే వచ్చును. యౌవనము వచ్చిన పిదప తెలియును. ఇది సామాన్యముగా క్రిందివైపునకు ఉండును. చేతికి గట్టిగా తగులు గంటు ఏదియు లోపల ఉండదు, నొప్పి ఉండదు, ఏండ్లు గడచినను హెచ్చదు. చేతి అలవాటువలన వచ్చినదని పిల్లలను భయపెట్టుటకు ఆధారము లేదు. ఇది మందులకు లొంగదు. దాంపత్యమునకు అడ్డయినచో శస్త్రచికిత్సయే మార్గము. పసిబిడ్డ అంగము వంగి, మూత్రద్వారము కొనయందు గాక క్రిందివైపున ఉన్నచో ఆలస్యము చేయక శస్త్రవైద్యునికి చూపవలెను. దానిని చిన్ననాడే సరిచేయుదురు.

రెండవది నడివయస్సున వచ్చునది. అంతవరకు తిన్నగా ఉన్నది వంగుట మొదలిడును. దీనికి పెయిరోనీ వ్యాధి యని పేరు. ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ కొలువులోని శస్త్రవైద్యుడు పెయిరోనీ 1743లో దీనిని వర్ణించెను. ఇది జరుగు తీరు మా అంగడివారికి సులభముగా బోధపడును. టైరు వెలుపల సైకిలు ట్యూబునకు గాలి కొట్టుడు. ఒక ప్రక్క మందమైన అతుకు ఉన్నచో ఆ ప్రక్క సాగదు. తక్కిన ప్రక్క సాగును. ట్యూబు అతుకువైపునకు వంగును. అంగములో రక్తము నిండు గొట్టములను చుట్టి సాగెడి తెల్లని దృఢమైన పొర యొకటి కలదు. సంయోగసమయమున దానికి తెలిసియు తెలియని చిన్న దెబ్బలు తగిలి, కొందరి శరీరతత్త్వమున అవి మానునపుడు గట్టి మచ్చ కట్టును. ఆ మచ్చయే అతుకు. మధుమేహము గలవారికిని, అరచేతి నరములవలె కనబడు త్రాళ్లు బిగిసి వ్రేళ్లు ముడుచుకొను జబ్బు గలవారికిని ఇది హెచ్చుగా కనబడును.

ఇది క్యాన్సరు కాదు. అంటువ్యాధి కాదు. భార్యకు సోకదు. పరస్త్రీ సంపర్కమునకు గుర్తును కాదు. ఈ చివరి మాటను ఇల్లాండ్రు ముఖ్యముగా వినవలెను.

మొదటి ఆరు నెలలు మొదలు ఏడాదిన్నర వరకు నొప్పి యుండి వంపు మారుచుండును. పిదప నొప్పి తగ్గి వంపు నిలుచును. దానంతట అది సరియగుట ఏ పదిమందిలో ఒకరికో కలుగును. కావున తొలిదినములలోనే యూరాలజీ వైద్యుని చూడవలెను. నొప్పికి మాత్రలు ఇత్తురు. మచ్చలోనికి సూదిమందులు కలవు. వానిలో కొల్లాజినేజు అనుదానిని 30 డిగ్రీలకు తక్కువ కాని వంపునకు అమెరికా ప్రభుత్వము 2013లో అనుమతించినది. నెమ్మదిగా సాగదీయు పరికరములును కలవు. విటమిన్ ఇ మాత్రలను ఇందుకై ఇయ్యవలదని అమెరికా యూరాలజీ సంఘము 2015లో చెప్పినది. అయినను అవి అమ్ముడగుచునే యున్నవి.

శస్త్రచికిత్సకు తొందర కూడదు. వ్యాధి మొదలై ఏడాది గడచి, కొన్ని నెలలు వంపు మారక నిలిచిన పిదపనే చేయుదురు. దర్జీ పొడవైన ప్రక్కను మడత వేసి కుట్టినట్లు, వంపునకు ఎదుటి ప్రక్కను కుట్టి తిన్నచేయుట ఒక పద్ధతి. ఇందు పొడవు కొంత తగ్గును. ముందే తెలిసికొని ఒప్పుకొనవలెను. వంపు మిక్కుటమైనచో మచ్చను కోసి అక్కడ మరొక కణజాలమును అతుకుదురు. దీనివలన స్తంభనము సడలు భయము కలదు. స్తంభనమే లేనివారికి లోపల కృత్రిమ సాధనమును అమర్చుదురు.

సంయోగమున ‘టక్’ మని చప్పుడై, వెంటనే మెత్తబడి, వాచి నల్లబడినచో అది వేరు సంగతి. ఆ పొరయే చినిగినది. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను.

ఇక గోడలమీది ప్రకటనలు. పురుషశక్తి పెంపునకని మందులను ప్రకటించుటను 1954 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. అయినను బస్సు నిలయము ప్రక్కన లాడ్జి గదులలో తైలములు అమ్ముచున్నారు. పైపూత తైలము లోని మచ్చను కరగింపదు. ఒక తైలపు వర్తకుడు మా పేటలోని యువకునివద్ద మూడు నెలల కష్టార్జితమును లాగుకొనెను. సరకు అమ్ముట నా వృత్తియే కాని, ఇది వర్తకము కాదు.

మనకు మరొక కష్టము కలదు. మదురైలోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను మనము తరతరములుగా ఉన్నాము. అంగడిలో అక్కడి భాష ధారాళముగా మాటలాడుదుము. ఇట్టి సంగతి చెప్పవలసినచో మాత్రము నోట ఆ భాష రాదు. భాష బాగుగా వచ్చినది బడికి పోవు కుమారునికి. వానిని వెంటబెట్టుకొని పోయి తండ్రి యేమి చెప్పగలడు? ‘మూత్రము మంట’ అని చెప్పి, అందుకు మందు తెచ్చుకొనువారు కలరు. అందుచేత ముందుగానే కాగితముపై వ్రాయించుకొనుడు: ఎప్పుడు మొదలైనది, ఏ వైపునకు వంగుచున్నది, నొప్పి కలదా, గంటు తగులుచున్నదా, సంయోగము సాధ్యమగుచున్నదా, చక్కెర వ్యాధి కలదా. స్తంభించినప్పటి రూపమును ఇంటివద్దనే సెల్‌ఫోనులో ఛాయాచిత్రము తీసి వైద్యునికి చూపవచ్చును. వైద్యులే అట్లు అడుగుదురు. దీనికి సిగ్గుపడవలదు.

ఆ కాగితము వ్రాయుటకు గాని, ఆసుపత్రిలో మాట అందించుటకు గాని తోడు కావలసినవారు రాత్రి తొమ్మిది గంటలకు నేను అంగడి మూసిన పిదప రావచ్చును. ఎవరికని అడుగను.